బడి వెనక గది తాళంచెవి

“మేడమ్, రేపు మా స్కూల్లో ఆకస్మిక తనిఖీ అండి. మీరు తప్పకుండా రావాలి,” అని వసుంధర ఫోన్ చేసినప్పుడు నేను యాప్రాల్‌లో మా బాల్కనీలో కూర్చుని పాత కాగితాలు వేరుచేస్తున్నాను. పత్రికలో ఉద్యోగ జీవితమంతా ఇతరుల వాక్యాలు దిద్దుతూ గడిపినదాన్ని. ‘రేపు’, ‘ఆకస్మిక’ అన్న రెండు మాటలు ఒకే వాక్యంలో కనబడితే ఇప్పటికీ చెయ్యి ఎర్ర సిరా కోసం వెతుక్కుంటుంది. “ఆకస్మికమైతే రేపని మీకెలా తెలిసిందమ్మా?” అన్నాను. “గ్రూపులో పెట్టారండి,” అంది, అందులో వింతేముందన్నట్టు.

వసుంధర నేను చదువుకున్న బడికి ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్. కొంపల్లి నుంచి రోజూ స్కూటర్ మీద శామీర్‌పేట వైపున్న మా ఊరికి వచ్చిపోతుంది. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా తల్లిదండ్రులది కోస్తా కావడంతో మాటలో ఆ ‘అండి’ పోలేదు. తనిఖీ ఫారంలో ‘పూర్వ విద్యార్థి లేదా స్థానిక ప్రముఖుల అభిప్రాయం’ అని ఒక గడి ఉందట. దాన్ని నింపడానికి నేను కావాలి. మోకాళ్ల నొప్పి సాకు చెప్పబోతుండగా ఆమే అంది: “ఇంకోటి మేడమ్, బీరువా సర్దుతుంటే పాత తనిఖీ పుస్తకం దొరికింది. ఎర్ర అట్టది. కమిటీ అధ్యక్షులుగా మీ నాన్నగారి సంతకం ఉందందులో. మీ కోసం తీసి పెట్టాను.” ఆ పుస్తకంలో ఏముందో నాకు తెరవకుండానే తెలుసు. వస్తానన్నాను.

మా చిన్నప్పుడు గ్రూపులు లేవు. వాటి పని మేడ్చల్ నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టర్ చేసేవాడు. సంవత్సరానికొకసారి జరిగే పెద్ద తనిఖీకి ముందే కాగితం వచ్చేది కాబట్టి దానికి బెంగలేదు. బెంగంతా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వచ్చే తనిఖీతోనే. బస్సు ఆగీ ఆగకముందే కండక్టర్ ఫుట్‌బోర్డు మీద నిలబడి, “డిప్టీ సారు మేడ్చల్ల దిగిండు. హోటల్ల చాయ్ తాగుతుండు. ఎనక బస్సుకొస్తడు,” అని కేకేసేవాడు. వెనక బస్సుకి గంటన్నర టైముండేది. ఆ గంటన్నరలో ఒక బడిని తయారు చెయ్యాలి. తయారు చెయ్యడమని ఎందుకంటున్నానంటే, మామూలు రోజుల్లో అక్కడున్నదాన్ని బడి అనడం కష్టం. రెండు గదులు, ఒక వరండా, వాటిలో ఏడు తరగతులు. ఉన్న ముగ్గురు సార్లలో ఒకాయన ఎప్పుడూ ఏదో ట్రెయినింగులో ఉండేవాడు. నల్లబల్ల మధ్యలో చీలి, దాని మీద రాసిన లెక్క ఒక పక్క కూడికలా, ఇంకో పక్క తీసివేతలా కనబడేది.

మా ఇల్లు బడికి సరిగ్గా ఎదురుగా ఉండేది. మా బాపు కమిటీ అధ్యక్షుడు. అందుకని తనిఖీ రోజు బడి సామానులో సగం మా ఇంటి నుంచే నడిచి వెళ్లేది. చేతుల కుర్చీ, టేబులు, దాని మీదికి మా అమ్మ కుట్టిన పువ్వుల గుడ్డ, నాలుగు ఇత్తడి గ్లాసులు, అన్నిటికన్నా ముఖ్యంగా గోడగడియారం. స్టాక్ రిజిస్టర్‌లో ‘గోడ గడియారము – ఒకటి’ అని ఉండేది. ఆ ఒకటి ఎప్పుడో రిపేరుకని మేడ్చల్ వెళ్లి అక్కడే ఉండిపోయింది. దాని స్థానంలో మాది వెళ్లి మేకుకు వేలాడేది. ఆ రోజు మా ఇంట్లో టైము ఉండేది కాదు. బాపు తల్లి, మా అవ్వకు మాత్రం ఏ లోటూ తెలిసేది కాదు. ఆమె ఎప్పుడూ గడప మీద పడే ఎండను చూసే ఎసరు పెట్టేది.

డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ భోజనం మా ఇంట్లోనే. దానికి లిఖితపూర్వకమైన ఆదేశమేదీ లేదు, ఉన్నట్టే జరిగేది. అవ్వ పొయ్యి ముందు పీట వేసుకుని, కొంగు ముడిలోంచి వక్కముక్క తీసి దవడన పెట్టుకుని, గసగసాలూ ఎండుకొబ్బరీ వేయిస్తూ సణిగేది. “బడి జూడొచ్చినోడు బడి జూసి పోవాలె. గీ కోడేందిరా నడుమ? కోడి మంచిగుడికితే పిలగాండ్లకు సదువొచ్చినట్టా?” బాపు గుమ్మంలో నిలబడి, భుజం మీది రుమాలు సర్దుకుంటూ, “ఊకో అమ్మా, గట్లైతేనే పనులైతయి,” అనేవాడు. ఏ పనులవుతాయో ఆయన ఎన్నడూ చెప్పలేదు, అవ్వ అడగలేదు. ఆ వేయించిన కొబ్బరి వాసన రోడ్డు దాటి బడిలోకి వచ్చేది. ‘మన దేశము వ్యవసాయ దేశము’ అని అరిచి చదువుతున్న మా నోళ్లలో నీళ్లూరేవి.

తనిఖీ ఎలా జరిగేదో నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది. డిప్యూటీ సారు మొదట హాజరు పట్టీ తెప్పించుకుని తలలు లెక్కపెట్టేవాడు. తర్వాత తరగతికొకర్ని లేపి చదివించేవాడు, ఎక్కం అడిగేవాడు, రెండు వాక్యాల డిక్టేషన్ చెప్పేవాడు. సార్ల పాఠ్య ప్రణాళికలు తిరగేసేవాడు. స్టాక్ రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కో వస్తువుకీ టిక్కు పెట్టేవాడు. గడియారానికి పెద్ద టిక్కు. ఆపైన బడి చుట్టూ ఒక తిరుగుడు. చివరికి మా చేతుల కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీసి, మా హెడ్మాస్టర్ వెంకటయ్య సారు వైపు చూసి, “ఏం రాద్దామంటారు?” అని అడిగేవాడు. వెంకటయ్య సారు జేబులో పెన్సిల్‌తో రాసిన కాగితం సిద్ధంగా ఉండేది. డిప్యూటీ సారు దాన్ని ఎర్ర అట్ట పుస్తకంలోకి తన దస్తూరీతో ఎక్కించేవాడు. మా బడికి మేమే ప్రశ్నపత్రం, మేమే జవాబు, మార్కులు కూడా మేమే. ఆయనది సంతకం మాత్రమే. పెద్దయ్యాక పత్రికాఫీసులో, ప్రెస్‌నోట్‌ను యథాతథంగా దించి కింద తన పేరు పెట్టుకునే విలేకరుల మీద కోపం వచ్చినప్పుడల్లా నాకు ఆ పెన్సిల్ కాగితమే గుర్తొచ్చేది.

బడి వెనక ఒక చిన్న గది ఉండేది. అది ఆడపిల్లల మరుగుదొడ్డి. ఏ పథకంలో వచ్చిందో కానీ గోడలు కట్టి, కప్పు వేసి, లోపల బేసిన్ అమర్చి వెళ్లిపోయారు. నీళ్ల తొట్టి లేదు, దగ్గర్లో బావి లేదు. ఒక వానాకాలం మా బాపు, చేనుకు వెయ్యాల్సిన యూరియా బస్తాలు తడవకుండా ‘రెండు దినాలకు’ అందులో పెట్టించాడు. ఊళ్లో కురవని కప్పు అదొక్కటే. రెండు దినాలు రెండు కార్తెలయ్యాయి, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం. దాని తాళంచెవి మా ఇంటి గుమ్మానికి, గడియారం పక్కన మేకుకు ఉండేది. తనిఖీ రోజు గడియారం బడికి వెళ్లేది కానీ తాళంచెవి కదిలేది కాదు. తాళం వేసిన తలుపు మీద ‘బాలికలు’ అన్న అట్టముక్క వేలాడేది, అంతే. ఒకసారి డిప్యూటీ సారు ఆ వైపు నాలుగడుగులు వేశాడు. చెమ్మకు యూరియా ఘాటు ముక్కులు అదిరేలా కొడుతోంది. ఆయన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి, “వాడకంలోనే ఉన్నట్టుంది, కాస్త ఫినాయిల్ వేయించండి,” అన్నాడు. ‘మరుగుదొడ్డి – ఉన్నది, వాడుకలో ఉన్నది’ అని పుస్తకంలోకి ఎక్కింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో బాపు, వెంకటయ్య సారు ఎంత నవ్వారో. నేనూ నవ్వాను.

నవ్వనిది యాదమ్మ. నా బెంచీలో నా పక్కన కూర్చునేది. వాళ్ల నాయిన మా బావి దగ్గర పొలానికి నీళ్లు కట్టేవాడు. డిప్యూటీ సారు తిన్న కోడి కూడా చాలాసార్లు వాళ్ల గంప కిందిదే. తెలుగు నాది, లెక్కలు ఆమెవి. వెంకటయ్య సారు తప్పుచేసిన లెక్కను కూర్చున్నచోట నుంచే, “సార్, గా మూడు మరిచిండ్రు,” అని దిద్దేది. ఏడో తరగతికొచ్చేసరికి ఆడపిల్లలం ఆరుగురం మిగిలాం. మిగతా ఐదుగురూ పొద్దున ఇంట్లో నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లు, ఎండాకాలం కూడా. ఆపుకోలేకపోతే రోడ్డవతల తుమ్మపొదల చాటుకు ఉరకాలి. ఒకరు వెళ్తే ఇద్దరు కాపలా. పోయేటప్పుడూ ఉరుకుడే, వచ్చేటప్పుడూ ఉరుకుడే. మగపిల్లలు చూసి ఈలలేసేవాళ్లు.

“నీకేందే,” అంది ఒకరోజు యాదమ్మ. “నీ ఇల్లు బడి ముంగటే ఉండె. గంట గొట్టంగనే ఉరికిపోతవ్, ఉరికొస్తవ్. మేమేడికి పోవాలె? మా అవ్వ ఇగ బడి బంజెయ్యమంటాంది. పెద్దమనిషైనంక పొదలల్లకు పోతే ఊకుంటరా?”

“మరేం జెయ్యాలె?”

“డిప్టీ సారు నిన్నే లేపుతడు గద, పద్యం జెప్పనీకి. గప్పుడే జెప్పు. గా అర్రల యూరియా ఉన్నదని జెప్పు. మాకు పోనీకి జాగ లేదని జెప్పు. నువ్వు జెప్తే ఇంటడు, నేను జెప్తే ఇనడు.”

చెప్తానన్నాను. గొంతు పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఏటి తనిఖీ రోజు పద్యం తడబడకుండా చెప్పాను. డిప్యూటీ సారు తల ఊపి, “బాగుంది. బడిలో మీకేమైనా లోటుందా అమ్మా?” అని అడిగాడు. ప్రతిసారీ అడిగే ప్రశ్నే. దానికి వెంకటయ్య సారు నేర్పిన జవాబు కూడా ఉంది. మా ఇంటి గడియారం కొట్టుకోవడం వినబడుతోంది. గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను ఉరిమి చూడలేదు, సైగ చెయ్యలేదు. భుజం మీది రుమాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు, అంతే. “ఏ లోటూ లేదు సార్. అన్నీ ఉన్నాయి సార్,” అన్నాను. “ఉచ్చారణ స్పష్టంగా ఉంది,” అని మెచ్చుకున్నాడాయన. నేను కూర్చున్నాక యాదమ్మ బెంచీ మీద రెండంగుళాలు అవతలికి జరిగింది. ఆ నెల తిరగకముందే బడికి రావడం మానేసింది. నేను ఎనిమిదో తరగతికి మేడ్చల్ వెళ్లాను. సెలవుల్లో వచ్చినప్పుడు ఆమె మా చేలో కలుపు తీస్తూ కనబడేది. ఆ చేలో చల్లింది ఆ గదిలోని యూరియానే.

తర్వాత పత్రికలో చేరి, మరుగుదొడ్లు లేని బడుల మీద ఎన్ని వార్తలు దిద్దానో, ఎన్నింటికి శీర్షికలు పెట్టానో లెక్కలేదు. అన్నిటి చివరా ‘అధికారులు పట్టించుకోవడం లేదు’ అన్న ఒకే వాక్యం. పట్టించుకోవడానికి వచ్చిన అధికారి కళ్లకు గంతలు కట్టి కోడికూర పెట్టి పంపేది మేమేనని ఒక్క వార్తలోనూ రాయలేదు. బడిలో ఏం లేదో చూడటానికే కదా ఆ మనిషి వచ్చేది? ఆయన వచ్చే రోజే మేము అన్నీ ఉన్నట్టు చూపేవాళ్లం. ఆయన ఉన్నదని రాసుకునేవాడు. ఉన్నదానికి మళ్లీ ఎవరిస్తారు? తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నవ్విన నా మీద కూడా.

మర్నాడు క్యాబ్ దిగేసరికి ఊరు గుర్తుపట్టడానికి కొంత టైము పట్టింది. మా చేలలో విల్లాలు లేచాయి. మా ఇల్లున్న చోట వాటి వెనక ప్రహరీ ఉంది. దాని మీద పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. బడి మాత్రం నిజంగా బాగుంది. అది ఒప్పుకోవాలి. రంగుల గోడలు, గదికో ఫ్యాను, వెనక వరసగా టైల్స్ వేసిన మూత్రశాలలు. ‘బాలికలు’ అన్నది ఇప్పుడు అట్టముక్క కాదు, గోడ మీద పెయింటు. పిల్లల్లో ఊరివాళ్లు తక్కువ. విల్లాల వాచ్‌మన్ల పిల్లలు, కట్టుబడి పనికి వచ్చిన ఒడిశా, బీహార్ వాళ్ల పిల్లలే ఎక్కువ. వసుంధర చెమటలు కక్కుతూ, ఒక టీచర్ చేత చార్టులు అతికిస్తూ, ఇంకొకరి చేత రిజిస్టర్లు సర్దిస్తూ, ఎర్ర అట్ట పుస్తకం నా చేతిలో పెట్టి పరుగెత్తింది. పేజీ వెతుక్కోనవసరం లేకపోయింది. ‘అన్ని విధముల సంతృప్తికరము. మరుగుదొడ్డి ఉన్నది. విద్యార్థినుల ఉచ్చారణ స్పష్టము.’ కింద మా బాపు సంతకం, వంకర లేకుండా.

వంటగది వైపు నుంచి పప్పు తాలింపు వాసన వచ్చింది. మధ్యాహ్న భోజనం వండేది యాదమ్మే. పెళ్లిళ్లలో, చావుల్లో కలుస్తూనే ఉన్నాం. యోగక్షేమాలు మాట్లాడుకున్నాం. ఆ ఒక్క సంగతి తప్ప.

“ఏందే పటేలమ్మా, తనిఖీకొచ్చినవా? ఇగ మా బడి పాసైనట్టే,” అంది గరిటె తిప్పడం ఆపకుండా.

“పాసవ్వకుండా ఏం తక్కువైంది? టైల్స్ కూడా వేశారు కదా.”

“టైల్సా? టైల్స్ మీద కూసొని ఏం జెయ్యాలె, నీళ్లు లేంది? అటు జూడు.”

చూశాను. ట్రాలీ ఆటోలోంచి నీలం డ్రమ్ములు దించుతున్నారు. ఇద్దరు మనుషులు బిందెలతో మెట్లెక్కి మేడ మీది ట్యాంకులో పోస్తున్నారు. బోరు ఎండిపోయి చాలా కాలమైందట. చుట్టూ విల్లాల బోర్లు అంత లోతుకు దిగాక బడి బోరుకు గాలే మిగిలింది. ఉత్తరాలు రాయలేదా అంటే, రాసిందట వసుంధర. ‘మీ పాఠశాలలో నీటి వసతి ఉన్నట్టు యాప్‌లో నమోదైంది’ అని జవాబొచ్చిందట. ఉన్నట్టు ఎందుకు నమోదైందంటే, పోయిన తనిఖీలో కూడా ఇలాగే డ్రమ్ములు తెప్పించారు కాబట్టి. యాప్‌లో లేదని నొక్కొచ్చు కదా అన్నాను, డ్రమ్ములు చూసుకోవడానికి అటు వచ్చిన వసుంధరతో. ఆమె నా వైపు చిన్నపిల్లను చూసినట్టు చూసింది. “లేదు అని నొక్కితే నిర్వహణ లోపం కింద మెమో నాకే వస్తుందండి. బోరు నేను తవ్వానా? నేను ఎండబెట్టానా?” ఆ గొంతులో నిన్నటి ఫోను మర్యాద లేదు.

యాదమ్మ పప్పు దించి, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంది. “మా మన్మరాలు శ్రావణి ఏడు సదువుతాంది. లెక్కలల్ల నా లెక్కనే. గని అన్నం తినంగనే ఇంటికి ఉరుకుతది. ఇల్లేమన్న దగ్గర్ల ఉన్నదా? ఇగ మళ్ల రాదు. లెక్కల పీరియడేమో అన్నం తిన్నంకనే.” నా చేతిలోని ఎర్ర పుస్తకం వైపు గడ్డంతో చూపించింది. ఆమెకు చదువు ఏడో తరగతితో ఆగింది కానీ ఆ పుస్తకం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. “అప్పుడు అన్నీ ఉన్నయన్నవ్. ఇప్పుడేమంటవో సూస్త.”

అధికారి పదకొండింటికి వచ్చాడు. వెంట వేరే బడుల నుంచి ఇద్దరు టీచర్లు. చెడ్డవాడు కాదు. ఆ రోజు ఇంకా రెండు బడులు చూడాలని, ఆలస్యమైందని చెప్పుకున్నాడు. కోడికూర అడగలేదు, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నాడు. ఆ మేరకు దేశం ముందుకు వెళ్లింది. పెన్సిల్ కాగితం బదులు చేతిలో ట్యాబ్ ఉంది. బడి గేటు ఫోటో, హాజరు ఫోటో, పిల్లలు చదువుతున్న ఫోటో. వంట రుచి చూసే రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఒక చెంచా పప్పు నోట్లో వేసుకుని బాగుందన్నాడు. చివరికి మూత్రశాల దగ్గర నల్లా తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. ఫోటో తీశాడు. ‘నీటి వసతి: ఉంది / లేదు’ అని రెండే గడులు. ఉంది మీద వేలు పెట్టాడు. ఆయన రుమాలు ముక్కుకు పెట్టుకోలేదు కానీ నాకు యూరియా వాసన వచ్చింది.

ఫోటోలు పైకి వెళ్లడానికి సిగ్నల్ సరిపోలేదు. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఈలోగా భోజనాల గంట కొట్టారు. పిల్లలందరూ చేతులు కడిగారు, కంచాలు కడిగారు. డ్రమ్ముల నీళ్లెంతసేపొస్తాయి? ట్యాబ్‌ను టీచరుకిచ్చి, అధికారి మగపిల్లల వైపు మూత్రశాలలోకి వెళ్లాడు. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది. “ఎవరన్నా ఉన్నారా? నల్లా రావట్లేదు.”

వరండాలో ఉన్న మేమెవరమూ కదల్లేదు. వసుంధర కళ్లు మూసుకుంది. యాదమ్మ తొందరపడకుండా లేచి, వంటకు దాచుకున్న నీళ్లలోంచి బకెట్ ముంచి తీసుకెళ్లి తలుపు ముందు పెట్టింది. “ఈడ పెట్టిన సారూ. మాకు గంతే. ఫోటో దిగేదాకనే వస్తయి నీళ్లు.”

ఆయన బయటకొచ్చాడు, ముఖం ఎర్రబడి. “ఇందాక వచ్చాయి కదమ్మా?” అని వసుంధరను అడిగాడు. టీచర్ ట్యాబ్ పట్టుకుని వచ్చి, “సార్, అప్‌లోడ్ అయిపోయింది,” అంది సంతోషంగా. తెరమీద పచ్చ టిక్కు.

“మార్చండి మరి,” అన్నాను.

“మార్చనియ్యదు మేడమ్. పోయిందంటే పోయిందే.” ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “నాకు మాత్రం ఇష్టమా? లేదని పెడితే ఎందుకు లేదని మొదట ఫోనొచ్చేది నాకే. ఉందని పెడితే ఎవ్వరూ అడగరు.” ఇంతకన్నా నిజాయితీగా ఏ అధికారీ నాతో మాట్లాడిన గుర్తు లేదు. ఆ నిజాయితీని ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు. ఆయన కొత్త తనిఖీ పుస్తకం నా వైపు జరిపాడు. “సరే, మీ గడి మిగిలింది. మీరు రాసేవారు కదా, రెండు మంచి ముక్కలు రాయండి.”

“మేడమ్, ప్లీజ్ అండి,” అంది వసుంధర చాలా మెల్లగా. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నేను సాయంత్రానికి యాప్రాల్ వెళ్లిపోతాను. ఆమె రేపు కూడా ఇక్కడికే రావాలి. వంటగది గుమ్మంలో యాదమ్మ ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. నేను రాశాను: ‘బాలికల మూత్రశాలల్లో నీళ్లు లేవు. బోరు ఎండిపోయింది. ఈ రోజు కోసం డ్రమ్ములతో పోసిన నీళ్లు భోజనాల వేళకే అయిపోయాయి. ఇది ప్రధానోపాధ్యాయురాలి తప్పు కాదు. నేను ఈ బడిలో చదివినప్పుడూ లేవు. అప్పుడు ఉన్నాయని చెప్పింది నేనే.’ అధికారి దాన్ని రెండుసార్లు చదివి, కింద ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టాడు. యాదమ్మకు చదివి వినిపించబోతే, “నువ్వు రాస్తుంటెనే జూసిన. శానా లేటైంది గని, మంచిగనే రాసినవ్,” అని అంట్లు తోముకోవడానికి వెళ్లిపోయింది.

నీళ్లొచ్చాయని మీరనుకుంటే నేను మళ్లీ ఉచ్చారణ మాత్రమే బాగున్న పిల్లనవుతాను. వచ్చింది మెమో. యాప్‌లో ఉందనీ, పుస్తకంలో లేదనీ ఉన్నందుకు ఈ తేడాకు సంజాయిషీ ఇవ్వాలని వసుంధరకు రాశారు. ఆమె ఫోన్ చేసి, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో, “నిజం రాసినవాళ్లు వెళ్లిపోతారు మేడమ్. సంజాయిషీ ఉన్నవాళ్లే రాసుకోవాలి,” అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా కాపీని అంత కచ్చితంగా దిద్దినవాళ్లు లేరు. జవాబు రాయడానికి సాయం చేస్తానని మళ్లీ వెళ్లాను. ఇద్దరం ఆఫీసు గదిలో కూర్చున్నాం. ఎర్ర అట్ట పుస్తకంలోని ఆ పేజీ నకలు కూడా జతచేద్దామని, యూరియా సంగతి మొత్తం చెప్పాను. మా బాపు పేరు రాయడానికి ఆమె తటపటాయించింది. నేనే రాశాను. డిప్యూటీ సారు రుమాలు అడ్డం పెట్టుకున్న చోట ఆమెకు నవ్వాగలేదు. ఆ సంజాయిషీకి నేనిది రాస్తున్న రోజు దాకా జవాబు లేదు, బోరూ లేదు.

కానీ సంజాయిషీ కోసం వెళ్లిన ఆ రోజు వంటగది పక్కన నీడలో ఒక నీలం డ్రమ్ము చూశాను. మూతకు గొళ్లెం, గొళ్లేనికి తాళం. తాళంచెవి యాదమ్మ నడుముకు దోపుకున్న కొంగుకు కట్టి ఉంది. విల్లాల్లో గడ్డి తడిపే వాచ్‌మన్ పొద్దున్నే పైపు గోడ మీది నుంచి వేసి నింపుతున్నాడట. అతని కూతురిదీ శ్రావణి తరగతే. “ఎవలూ జెప్పలే. నేనే పోయి అడిగిన,” అంది.

సంజాయిషీ సగంలో ఉండగా వసుంధర ఫోన్ మోగింది. చూసి, నుదురు కొట్టుకుని, వంటగది వైపు కేకేసింది. “యాదమ్మా, రేపు మళ్లీ ఆకస్మికమట. ఆ డ్రమ్ములో నీళ్లు ట్యాంకులో పోయించవా, పొద్దున్నే?”

“పొయ్య మేడం.”

“ఒక్కరోజే కదా?”

“గా ఒక్కరోజు మా పోరీలు ఏడికి పోవాలె? ఇది తనిఖీ నీళ్లు గావు.”

వసుంధర, మీరైనా చెప్పండి అన్నట్టు నా వైపు చూసింది. చూసే కళ్లలో కోపం కన్నా అలసటే ఎక్కువ. బాపు అయితే ఇక్కడ రుమాలు సర్దుకునేవాడు. నేను చేతులు రెండూ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇంతలో భోజనాలు ముగిసిన గంట కొట్టారు. శ్రావణి వచ్చి నాయనమ్మ ముందు చెయ్యి చాపింది. యాదమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. ఆ పిల్ల బకెట్ నింపుకుని, డ్రమ్ముకు మళ్లీ తాళం వేసి, బడి వెనక్కి వెళ్లింది. ఉరకలేదు. నడుస్తూనే వెళ్లి, నడుస్తూనే వచ్చి, లెక్కల పీరియడ్‌లో కూర్చుంది.